చిన్న కారు ప్రమాదం జరిగిన చోటి నుంచి వెళ్లిపోతే: చట్టం ఏమంటుంది, ఏ క్రమంలో ఏం చేయాలి

పార్కింగ్‌లో కారు వెనక్కి తీస్తూ పక్క బండికి గీత పెట్టి వచ్చేసినవారు, సిగ్నల్ దగ్గర స్కూటర్‌కు తగిలించి, అవతలి వ్యక్తి లేచి నిలబడ్డాడు కదా అని ఇంటికి వెళ్లిపోయినవారు తరువాత అడిగే ప్రశ్న ఒక్కటే: ఇప్పుడు కేసు అవుతుందా? చాలా సందర్భాల్లో ఆ సొట్ట వల్ల కేసు కాదు. సొట్ట పెట్టి ఎవరికీ చెప్పకుండా ఉండిపోవడం వల్ల అవుతుంది.

ఈ మార్గదర్శి భారతదేశంలోని చట్టానికి, అంటే 1988 నాటి మోటారు వాహనాల చట్టానికి, దానికి 2019లో వచ్చిన సవరణలకు, 2024 జూలై 1 నుంచి పాత భారతీయ శిక్షాస్మృతి (ఐపీసీ) స్థానంలో అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితకు పరిమితం. చిన్న ప్రమాదం అంటే ఇక్కడ ప్రాణనష్టం లేనిది, వాహనానికో ఆస్తికో నష్టం లేదా స్వల్ప గాయం మాత్రమే జరిగినది అని అర్థం. ఎవరైనా తీవ్రంగా గాయపడితే లేదా మరణిస్తే దీనితో ఆగకుండా వెంటనే న్యాయవాదిని సంప్రదించాలి.

## 1. మీ సంఘటనకు 134వ సెక్షన్ వర్తిస్తుందా?

మోటారు వాహనాల చట్టంలోని 134వ సెక్షన్ రెండు సందర్భాల్లో వర్తిస్తుంది: ఎవరికైనా గాయమైనప్పుడు, లేదా ఇతరుల ఆస్తికి నష్టం జరిగినప్పుడు. నష్టం ఇంత ఉంటేనే అన్న కనీస పరిమితి అందులో లేదు. కాబట్టి పక్క కారు అద్దం విరిగినా, ఎవరి ఇంటి గేటో వంగినా, రోడ్డు మధ్య డివైడర్ పగిలినా బాధ్యత మొదలైనట్లే. మీ కారు మీ ఇంటి గోడకే తగిలి, మరెవరికీ ఏమీ కాకపోతే ఈ సెక్షన్‌తో పని లేదు.

తప్పు ఎవరిదన్నది ఈ సెక్షన్ అడగదు. ప్రమాదంలో భాగమైన ప్రతి వాహనం డ్రైవరుకూ ఇది వర్తిస్తుంది. అందుకే "వాళ్లే వచ్చి గుద్దారు, నేనెందుకు ఆగాలి" అన్న వాదన ఇక్కడ నిలవదు.

డ్రైవరు మీద ఈ సెక్షన్ పెట్టే బాధ్యతలు మూడు.

- గాయపడిన వారికి వైద్య సహాయం అందేలా సాధ్యమైన ప్రయత్నం చేయాలి. అవసరమైతే దగ్గరలోని ఆసుపత్రికి చేర్చాలి.
- పోలీసు అధికారి అడిగితే సమాచారం ఇవ్వాలి. అక్కడ పోలీసులు లేకపోతే, వీలైనంత త్వరగా, ఎట్టి పరిస్థితిలోనూ 24 గంటలు దాటకుండా దగ్గరలోని పోలీస్ స్టేషన్‌లో సంఘటన వివరాలు తెలియజేయాలి.
- బీమా సంస్థకు లిఖితపూర్వకంగా తెలియజేయాలి.

దీనికి తోడు 132వ సెక్షన్ ఉంది. సబ్ ఇన్‌స్పెక్టర్ లేదా అంతకు పై హోదాలో ఉండి యూనిఫాంలో ఉన్న అధికారి ఆపమంటే, అవసరమైనంత సేపు, 24 గంటలకు మించకుండా వాహనం ఆపి ఉంచాలి. నష్టపోయిన వ్యక్తి తన పేరు, చిరునామా ఇచ్చి మీవి అడిగితే మీ పేరు, చిరునామాతో పాటు కారు యజమానివి కూడా ఇవ్వాలి. పశువులకు తగిలిన సందర్భానికీ ఇది వర్తిస్తుంది. గుర్రం, ఆవు, గేదె వంటి పశువులు, ఏనుగు, ఒంటె, గాడిద, కంచరగాడిద, గొర్రె, మేక ఈ సెక్షన్ పరిధిలోకి వస్తాయి.

## 2. ఈ బాధ్యతలు నెరవేర్చకపోతే పడే శిక్షలు

ముందుగా ఒక విషయం గమనించండి. పొరపాటున మరొకరి కారుకు సొట్ట పెట్టడం ప్రధానంగా డబ్బుతో తేలే వ్యవహారం. ఇతరుల ఆస్తిని కావాలని పాడుచేయడం వేరే నేరం. దానికి ఉద్దేశం ఉండాలి. నిర్లక్ష్యంగా నడిపారన్న ఆరోపణ లేనంతవరకు ఆ సొట్ట బీమాతోనో నష్టపరిహారంతోనో ముగిసిపోవచ్చు. మాట్లాడకుండా వెళ్లిపోయినప్పుడు ఆ వ్యవహారానికి ఈ కింది సెక్షన్లు చేరుతాయి.

187వ సెక్షన్, మోటారు వాహనాల చట్టం. 134వ సెక్షన్‌లోని బాధ్యతలు నెరవేర్చకపోతే 6 నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. ఇదే నేరానికి ఇంతకు ముందు శిక్ష పడి ఉంటే 1 సంవత్సరం వరకు జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. 2019 సవరణకు ముందు మొదటిసారికి 3 నెలలు, 500 రూపాయలే ఉండేవి. ఇంటర్నెట్‌లో ఇప్పటికీ ఆ పాత అంకెలు కనిపిస్తాయి, వాటిని నమ్మకండి. అక్కడికక్కడే రుసుము కట్టి ముగించుకోగల నేరాలను 200వ సెక్షన్ లెక్కించింది. అందులో 187 లేదు. అంటే ఇది చలానాతో పోదు, కోర్టు మెట్లు ఎక్కవలసిందే.

భారతీయ న్యాయ సంహిత. నిర్లక్ష్యంగా నడిపారన్న ఆరోపణ ఉంటే 281వ సెక్షన్ కింద 6 నెలల వరకు జైలు, 1,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. దానివల్ల ఎవరికైనా స్వల్ప గాయమైతే 125(ఎ) కింద 6 నెలల వరకు జైలు, 5,000 వరకు జరిమానా, లేదా రెండూ. ఎముక విరగడం వంటి తీవ్ర గాయమైతే 125(బి) కింద 3 సంవత్సరాల వరకు జైలు, 10,000 వరకు జరిమానా, లేదా రెండూ. ఇవన్నీ బెయిలు హక్కుగా లభించే నేరాలే.

లైసెన్సు. చాలామంది పట్టించుకోనిది ఇదే. కేంద్ర మోటారు వాహనాల నియమాలు, 1989లోని 21వ నియమం లైసెన్సుపై అనర్హత వేయడానికి కారణమయ్యే పనులను పేర్కొంటుంది. 134వ సెక్షన్ పాటించకపోవడం వాటిలో ఒకటి. జరిమానా ఒకసారి కట్టి మరచిపోవచ్చు కానీ, డ్రైవింగే జీవనాధారమైన వారికి లైసెన్సు పోవడం ఇంటిల్లిపాదికీ దెబ్బ.

పదేళ్ల జైలు గురించి చాలామంది భయపడుతున్నారు. అది న్యాయ సంహితలోని 106(2). నిర్లక్ష్యపు డ్రైవింగ్ వల్ల మరణం సంభవించి, పోలీసులకు చెప్పకుండా పారిపోయిన సందర్భానికి ఉద్దేశించినది. లారీ డ్రైవర్ల ఆందోళన తరువాత, 2024 జూలై 1న సంహిత అమలులోకి వచ్చినప్పుడు ఆ ఉపనిబంధనను మినహాయించారు. చిన్న ప్రమాదానికి దానితో సంబంధం లేదు.

## 3. బండి తీసే ముందే సిద్ధంగా ఉండవలసినవి

- లైసెన్సు, ఆర్‌సీ, బీమా పత్రాలు డిజీలాకర్‌లో ఉన్నాయో లేదో చూసుకోండి.
- బీమా పాలసీ నంబరు, గడువు తేదీ, క్లెయిమ్ ఫోన్ నంబరు ఒక కాగితం మీద రాసి కారులో పెట్టండి. ప్రమాదంలో ఫోన్ పగిలిపోవచ్చు.
- 112 పోలీసు, అత్యవసర సేవలకు, 108 అంబులెన్సుకు, జాతీయ రహదారి మీద అయితే 1033.
- పెన్ను, తెల్ల కాగితాలు, ప్రథమ చికిత్స పెట్టె, వెలుగు పడితే మెరిసే హెచ్చరిక త్రికోణం.

## 4. ప్రమాదం జరిగిన వెంటనే: పనుల క్రమం

ఈ క్రమం తప్పకూడదు. ఫొటోల కోసం గాయపడిన వ్యక్తిని పక్కన పెట్టడం, గొడవలో పడి ఫొటోలు మరచిపోవడం ఎక్కువగా కనిపించే పొరపాట్లు.

అడుగు 1. ఆగండి. ఇంజను ఆపి, హజార్డ్ లైట్లు వేయండి. నాలుగడుగులు ముందుకు వెళ్లి ఆపినా ఫరవాలేదు; కంటికి కనిపించనంత దూరం వెళ్లి ఆపితే చూసేవారికి అది పారిపోవడమే.

అడుగు 2. మనుషులను చూడండి. "దెబ్బ తగిలిందా?" అని ప్రతి ఒక్కరినీ విడివిడిగా అడగండి. తలకు దెబ్బ తగిలితే, మెడ నొప్పిగా ఉందంటే, వృద్ధులు, పిల్లలు, గర్భిణులు ఉంటే వారు వద్దన్నా 108కి ఫోన్ చేయండి. డ్యూటీలో ఉన్న వైద్యుడు ఎలాంటి లాంఛనాల కోసం ఆగకుండా చికిత్స మొదలుపెట్టాలని 134వ సెక్షనే చెబుతోంది.

అడుగు 3. వాహనాలు కదపకముందే ఫొటోలు తీయండి. రెండు నంబరు ప్లేట్లు, తగిలిన చోట్లు, రోడ్డు మీద టైరు గుర్తులు, సిగ్నల్ స్తంభం లేదా దుకాణం బోర్డు వంటి స్థల సూచన కనిపించాలి. ఎవరికీ గాయం లేక, ట్రాఫిక్ ఆగిపోతుంటే ఫొటోల తరువాత వాహనాలను పక్కకు తీయవచ్చు. గాయమైతే పోలీసులు చెప్పేవరకు కదపకపోవడమే క్షేమం.

అడుగు 4. వివరాలు ఇచ్చి, తీసుకోండి. పేరు, చిరునామా, ఫోన్ నంబరు, వాహనం నంబరు, బీమా సంస్థ పేరు, పాలసీ నంబరు చాలు. అసలు లైసెన్సును గానీ ఆర్‌సీని గానీ అవతలి వ్యక్తి చేతిలో పెట్టి రాకండి, ఫొటో తీసుకోనివ్వండి.

అడుగు 5. 112కు ఫోన్ చేయండి. పోలీసులు వచ్చి వివరాలు నమోదు చేసుకుంటే అక్కడి బాధ్యత తీరుతుంది. వచ్చిన అధికారి పేరు, స్టేషన్ పేరు రాసుకోండి. వారు రాకపోతే ఫోన్ చేసినంత మాత్రాన సరిపోదు. స్టేషన్‌కు వెళ్లవలసిన పని మిగిలే ఉంటుంది.

ఆగి ఉన్న కారుకు తగిలించి, దాని యజమాని కనిపించకపోతే కాపలాదారును, పక్క దుకాణం వారిని అడగండి. ఎవరూ తెలియకపోతే మీ పేరు, ఫోన్ నంబరు, సమయం రాసిన చీటీని వైపర్ కింద పెట్టి, అది కనిపించేలా ఫొటో తీయండి. చీటీ మీ సదుద్దేశాన్ని చూపుతుంది కానీ స్టేషన్‌లో చెప్పడానికి ప్రత్యామ్నాయం కాదు. గాలికి చీటీ ఎగిరిపోతే మీ చేతిలో మిగిలేది ఆ ఫొటో, స్టేషన్ రసీదు మాత్రమే.

## 5. జనం చుట్టుముట్టి కొట్టేలా ఉంటే

ఆగితే ప్రాణం మీదికి వస్తుందేమో అన్న భయం నిజమైనదే, చట్టమూ దాన్ని గుర్తించింది. జనాగ్రహం వల్ల లేదా తన చేతిలో లేని మరే కారణం వల్ల సాధ్యం కానప్పుడు, గాయపడిన వారిని ఆసుపత్రికి చేర్చే బాధ్యత నుంచి డ్రైవరుకు 134వ సెక్షన్‌లోనే మినహాయింపు ఉంది.

ఆ మినహాయింపు వైద్య సహాయం వరకే. 24 గంటల్లో పోలీసులకు చెప్పే బాధ్యతకు మినహాయింపు లేదు. పైగా వైద్య సహాయం ఎందుకు అందించలేకపోయారో కూడా అప్పుడే చెప్పాలి. కాబట్టి అక్కడి నుంచి కదలవలసి వస్తే ఇంటికి వెళ్లకండి. కారు తలుపులు వేసుకుని, దారిలోనే 112కు, గాయమైతే 108కి ఫోన్ చేసి, నేరుగా దగ్గరలోని పోలీస్ స్టేషన్‌కు వెళ్లండి. ఫోన్‌లోని కాల్ వివరాలను చెరిపేయకండి. మీరు పారిపోలేదనడానికి అదే మొదటి ఆధారం.

## 6. పోలీస్ స్టేషన్‌లో: 24 గంటల లోపు

రెండు ప్రతులు రాసుకుని వెళ్లండి. ఒకటి వారికి ఇచ్చి, రెండవ దానిపై తేదీ, సమయం, సంతకం, స్టేషన్ ముద్ర వేయించుకోండి. స్టేషన్‌లో రోజువారీ సంఘటనలు నమోదు చేసే జనరల్ డైరీ నంబరు ఇస్తే అదీ రాసుకోండి. నోటిమాటగా చెప్పి రావడం పెద్ద పొరపాటు. ఆరు నెలల తరువాత మీరు వచ్చారని ఎవరికి గుర్తుంటుంది?

వ్రాతలో ఉండవలసినవి ఇంతే:

- మీ పేరు, చిరునామా, లైసెన్సు నంబరు. వాహనం నంబరు, యజమాని పేరు.
- తేదీ, సమయం, స్థలం.
- ఏం జరిగిందో నాలుగైదు వాక్యాలు.
- ఎవరికి గాయమైంది, ఏ ఆస్తికి ఏ నష్టం, మీకు తెలిసినంతవరకే.
- వైద్య సహాయం కోసం చేసిన ప్రయత్నం, చేయలేకపోతే కారణం.
- సెక్షన్ 134(బి) ప్రకారం ఈ సమాచారం ఇస్తున్నానన్న ఒక వాక్యం.

నమూనాగా ఇలా రాయవచ్చు: "నేను ఈ రోజు సాయంత్రం సుమారు 6 గంటల 20 నిమిషాలకు పై నంబరు గల కారును నడుపుతూ, ఫలానా కూడలి వద్ద ఎడమవైపు తిరుగుతుండగా, ఫలానా నంబరు గల స్కూటర్‌కు నా కారు ముందు బంపర్ తగిలినది. స్కూటర్ నడుపుతున్న వ్యక్తి మోచేతికి గీరుకుపోయినది. 108కి ఫోన్ చేసితిని. పోలీసులు అక్కడ లేనందున సెక్షన్ 134(బి) ప్రకారం ఈ సమాచారం అందజేస్తున్నాను."

"తప్పంతా నాదే" అని గానీ, "తప్పంతా అతనిదే" అని గానీ రాయవలసిన పని లేదు. చట్టం అడిగేది సంఘటన పరిస్థితులను. తప్పు ఎవరిదో తేల్చేది దర్యాప్తు. అయితే రాసిన ప్రతి మాటా నిజమై ఉండాలి. వేగం గురించో, ఫోన్ గురించో అబద్ధం రాసి, తరువాత సీసీ కెమెరాలో దొరికిపోతే చిన్న వ్యవహారం పెద్దదవుతుంది.

తనిఖీ కోసం కారును తీసుకుంటామంటే కంగారు పడకండి. 136వ సెక్షన్ ప్రకారం వాహనాన్ని ఎక్కడికి తరలించారో యజమానికి చెప్పాలి. లాంఛనాలు ముగిశాక 24 గంటల్లో తిరిగి ఇవ్వాలి.

## 7. బీమా సంస్థకు తెలియజేయడం

క్లెయిమ్ చేయదలచుకోకపోయినా చెప్పాలి, ఎందుకంటే రేపు అవతలి వ్యక్తి మోటారు ప్రమాదాల పరిహార ట్రిబ్యునల్‌లో పరిహారం కోరితే నోటీసు బీమా సంస్థకూ వెళుతుంది. చట్టం అడిగేవి: పాలసీ నంబరు, అది చెల్లే కాలం, ప్రమాదం తేదీ, సమయం, స్థలం, గాయపడిన వారి వివరాలు, డ్రైవరు పేరు, లైసెన్సు వివరాలు. ఇవి ఈమెయిల్‌లో పంపి, వచ్చిన జవాబును దాచుకోండి. నష్టాన్ని అంచనా వేసే బీమా సర్వేయర్ చూసేవరకు మరమ్మతు చేయించకండి.

దేశంలోని ప్రామాణిక మోటారు పాలసీలో ఒక షరతు ఉంటుంది: సంస్థ లిఖితపూర్వక అనుమతి లేకుండా పాలసీదారు బాధ్యతను ఒప్పుకోవడం, డబ్బు ఇస్తానని మాటివ్వడం, చెల్లించడం చేయరాదు. రోడ్డు మీద మర్యాదకు ఇచ్చిన మాట తరువాత క్లెయిమ్‌కు అడ్డం పడేది ఇక్కడే.

## 8. అక్కడికక్కడే రాజీ పడితే

ఎవరికీ గాయం లేక, నష్టం స్వల్పమైతే ఇరువురూ మాట్లాడుకుని తేల్చుకోవడం సహజమే, నేను దాన్ని తప్పు పట్టను. కానీ నోటి రాజీ మీద ఆధారపడి వెళ్లిపోకండి. ఎవరికీ గాయం లేదని, ఎంత ఇచ్చారో, ఇకపై క్లెయిమ్ లేదని రాసి ఇద్దరూ సంతకం చేయండి. డబ్బు యూపీఐలో పంపితే ఆధారం ఉంటుంది. అది బీమా నుంచి తిరిగి రాదన్న లెక్కతోనే ఇవ్వండి.

గాయమున్నచోట రాజీకి పరిమితులున్నాయి. 125(ఎ), 125(బి) కేసుల్లో గాయపడిన వ్యక్తి కోర్టు అనుమతితో రాజీపడవచ్చు. 281 మాత్రం రాజీపడదగిన నేరాల జాబితాలో లేదు. అందుకే రాజీ కాగితం ఉన్నా స్టేషన్‌లో సమాచారం ఇచ్చి ఉండటం అవసరం. పైగా, సాయంత్రం బాగానే ఉన్న మనిషికి మరునాడు మెడ పట్టేసి ఆసుపత్రికి వెళ్లడం అరుదేమీ కాదు.

గాయపడిన వారి కోణంలోనూ ఆలోచించండి. 2025లో వచ్చిన నగదు రహిత చికిత్స పథకం కింద రోడ్డు ప్రమాద బాధితులకు ప్రమాదం జరిగిన రోజు నుంచి 7 రోజుల వరకు, 1.5 లక్షల రూపాయల మేరకు చికిత్సకు వీలుంది. అది రోడ్డు ప్రమాదమేనని పోలీసులు ధ్రువీకరించాలి. మీరు చెప్పకపోతే ఆ ధ్రువీకరణ ఆలస్యమయ్యేది వారికే.

## 9. ఇప్పటికే వెళ్లిపోయి ఉంటే

ఇంకా 24 గంటలు దాటకపోతే చదవడం ఆపి స్టేషన్‌కు బయలుదేరండి. "వీలైనంత త్వరగా" అన్న మాట కూడా సెక్షన్‌లో ఉంది కాబట్టి ఇరవై మూడవ గంట వరకు ఆగడం మంచిది కాదు.

24 గంటలు దాటితే:

1. ముందుగా న్యాయవాదితో మాట్లాడండి. గడువు దాటినందున మీరిచ్చే వాంగ్మూలంలో ఏముండాలో ఆయన చెప్పాలి.
2. ఆ తరువాత ఆలస్యానికి నిజమైన కారణం రాసి, స్టేషన్‌లో సమాచారం ఇవ్వండి. ఆలస్యంగా చెప్పడం నేరాన్ని చెరిపేయదు, కానీ శిక్ష నిర్ణయించేటప్పుడు మీరై మీరు వచ్చారన్నది లెక్కలోకి వస్తుంది.
3. బీమా సంస్థకు అదే రోజు తెలియజేయండి.
4. డ్యాష్‌కామ్ దృశ్యాలు, ఫోన్ వివరాలు భద్రపరచండి.
5. కారుకు మరమ్మతు చేయించకండి, రంగు వేయించకండి. నేరాన్ని దాచే ఉద్దేశంతో ఆధారాలు మాయం చేయడం న్యాయ సంహిత 238వ సెక్షన్ కింద వేరే నేరం.

కొన్ని వారాలు గడిచాయి, ఇక ఏమీ కాదని అనుకోకండి. ఏడాది వరకు జైలు పడగల నేరాలను కోర్టు విచారణకు స్వీకరించడానికి 1 సంవత్సరం గడువు ఉంటుంది. 187, 281, 125(ఎ) ఈ కోవలోకే వస్తాయి. 125(బి) అయితే 3 సంవత్సరాలు.

మద్యం తాగి ఉండటం వల్ల వెళ్లిపోయిన వారికి ఒక మాట. అది తెలివైన పని అని ఎవరు చెప్పినా వినకండి. బార్ బిల్లు, కెమెరా, సాక్షులు ఉండనే ఉంటారు. గాయపడిన మనిషిని వదిలి వెళ్లారన్న ఆరోపణ దానికి తోడైతే కోర్టులో మీ పక్షాన చెప్పడానికి మిగిలేది చాలా తక్కువ.

## 10. పోలీసుల నుంచి నోటీసు వస్తే

అవతలి వ్యక్తి మీ నంబరు ఇచ్చి ఫిర్యాదు చేస్తే నోటీసు కారు యజమాని పేరు మీద వస్తుంది. ఆ రోజు కారు మీ బంధువో డ్రైవరో నడిపి ఉంటే, పోలీసు అధికారి అడిగినప్పుడు 133వ సెక్షన్ ప్రకారం యజమాని డ్రైవరు పేరు, చిరునామా, లైసెన్సు వివరాలు చెప్పాలి. చెప్పకపోతే యజమానికీ 187వ సెక్షనే వర్తిస్తుంది.

నడిపిన వారికి బదులు మరొకరిని డ్రైవరుగా చూపించడం కొన్ని ఇళ్లలో మామూలు సర్దుబాటుగా చూస్తారు. లైసెన్సు లేని కొడుకును కాపాడాలని తండ్రి తానే నడిపానంటాడు. సీసీ కెమెరాలో ముఖం కనిపించిన రోజున ఇద్దరూ ముద్దాయిలవుతారు. నడిపింది మైనరైతే 199ఎ సెక్షన్ కింద సంరక్షకుడికి లేదా యజమానికి 3 సంవత్సరాల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా ఉన్నాయి కాబట్టి, అలాంటి చోట ఇంట్లో కథ అల్లుకోకుండా మొదటి గంటలోనే న్యాయవాది దగ్గరకు వెళ్లండి.

నోటీసు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 35(3) కింద, అంటే హాజరు కమ్మని, వచ్చినదైతే, చెప్పిన తేదీన హాజరవుతూ షరతులు పాటిస్తున్నంతవరకు, అధికారి ప్రత్యేక కారణాలు నమోదు చేస్తే తప్ప అరెస్టు చేయరాదు. హాజరు కాకపోతే ఆ రక్షణ పోతుంది.

వెళ్లేటప్పుడు తీసుకువెళ్లవలసినవి:

- నోటీసు ప్రతి.
- లైసెన్సు, ఆర్‌సీ, బీమా ప్రతులు.
- స్టేషన్‌లో ఇచ్చిన సమాచారం ముద్ర ప్రతి, ఉంటే.
- బీమా సంస్థకు పంపిన ఈమెయిల్ ప్రతి.
- ఫొటోలు, డ్యాష్‌కామ్ దృశ్యాలు ఒక పెన్‌డ్రైవ్‌లో. అసలు ఫైలు మీ దగ్గరే ఉండాలి.
- రాజీ కాగితం, చెల్లింపు రసీదు, ఉంటే.

ఇచ్చిన ప్రతి కాగితానికీ రసీదు అడగండి. ఖాళీ కాగితం మీద గానీ, చదవని వాంగ్మూలం మీద గానీ సంతకం చేయకండి.